లైట్‌హౌస్‌ని చూడటం ఎలా: బెజవాడ, గుంటూరు నుంచి బయల్దేరేవాళ్లకి

లైట్‌హౌస్‌కి వెళ్లినవాళ్లలో చాలామంది మధ్యాహ్నం మెట్లెక్కి, పైన నాలుగు ఫొటోలు దిగి, పొద్దుగూకకముందే బస్సెక్కేస్తారు. హారతి వేళకి గుడి బయటికి వచ్చేసినట్టే అది. ఆ కట్టడం ఉన్నది రాత్రి పని కోసం. అది వెలిగాక సముద్రం మీదున్నవాడికి ఏం చెబుతోందో తెలుసుకుంటేనే దాన్ని చూసినట్టు. ఫలానా చోటే ఎందుకు కట్టారు, ఎవరి కోసం కట్టారు, ఏ ప్రమాదం గురించి చెబుతోంది అన్న మూడు ప్రశ్నలు పట్టుకుని వెళ్తే మిగతాదంతా వాటి వెనకే వస్తుంది.

మన వైపు తీరం గురించి ముందు ఒక సంగతి తెలియాలి. కృష్ణా డెల్టా అరచేతిలా చదును. నిజాంపట్నం నుంచి అంతర్వేది దాకా ఒడ్డున కొండన్నదే లేదు. సముద్రం మీంచి వచ్చేవాడికి మడ అడవుల సన్నటి గీతో, తాటితోపులో కనబడేసరికి పడవ అప్పటికే లోతు తక్కువ నీళ్లలో ఉంటుంది. అందుకే ఇక్కడ స్తంభాలు పొడుగ్గా కట్టారు. ఉత్తరాంధ్రలో ఆ ఎత్తు కొండలే ఇచ్చాయి. విశాఖ డాల్ఫిన్స్ నోస్ మీద ఇప్పుడున్న లైట్‌హౌస్ 1957 నాటిది. కొండే ఎత్తు ఇస్తుంటే స్తంభం పొడుగ్గా ఉండాల్సిన పని లేదు. పొట్టిగా ఉందని దాన్ని చిన్నచూపు చూడకండి.

ముందురోజు ఇంట్లో చేయాల్సింది

వెళ్లబోయే లైట్‌హౌస్ గుర్తు ముందే రాసుకోండి. ప్రతి దీపానికీ తనదైన మెరుపు లెక్క ఉంటుంది. దాన్నే దాని లక్షణం అంటారు. ఈ లెక్కలు డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసు ప్రచురించే దీపాల జాబితాలో ఉంటాయి. అమెరికా ప్రభుత్వం వేసే పబ్లికేషన్ 112లో కూడా మన తీరం ఉంది, దాన్ని ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. అందులో వరస ఇలా ఉంటుంది: ఎఫ్ఎల్, బ్రాకెట్లో 2, తర్వాత 10ఎస్, 36ఎం, 20ఎం. ఇది అర్థం కావడం కోసం రాసిన ఉదాహరణే, ఫలానా స్తంభానిది కాదు. పది సెకన్లకోసారి రెండేసి మెరుపులు, దీపం ఎత్తు 36 మీటర్లు, వెలుగు అందే దూరం 20 నాటికల్ మైళ్లు అని దాని అర్థం. చిన్న ఎం మీటర్లకి, పెద్ద ఎం నాటికల్ మైళ్లకి. తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు.

ఇంకో తికమక కూడా ఉంది. జాబితాలో రెండు ఎత్తులు కనిపిస్తాయి. ఒకటి పోటు నీటిమట్టం నుంచి దీపం దాకా, రెండోది నేల నుంచి కట్టడం కొస దాకా. కొండమీది లైట్‌హౌస్‌కి ఈ రెండింటి మధ్య వంద మీటర్లకి పైగా తేడా ఉండొచ్చు. దూరం లెక్కకి మొదటిదే వాడాలి.

లెక్క తేలికే. ఎత్తుని మీటర్లలో తీసుకుని వర్గమూలం కట్టి 3.86తో హెచ్చిస్తే, ఆ ఎత్తు నుంచి దిఙ్మండలం ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. ఒడ్డున నిలబడ్డ మనిషి కన్ను 1.6 మీటర్ల ఎత్తులో ఉంటుంది, కాబట్టి అతనికి కనబడే సముద్రం 5 కిలోమీటర్ల లోపే. 36 మీటర్ల పైనుంచి అదే 23 కిలోమీటర్లు. ఇప్పుడు పడవ మీదున్నవాడి కన్ను నీటికి 4 మీటర్ల పైన ఉందనుకోండి. అతని వాటా 7.7 కిలోమీటర్లు కలిపితే, ఆ దీపం అతనికి దాదాపు 31 కిలోమీటర్ల దూరం నుంచే కనబడుతుంది. జాబితాలో 20 మైళ్లు, అంటే 37 కిలోమీటర్లని రాసి ఉంది కదా అనొచ్చు. అది వెలుగు బలం. భూమి వంపు అడ్డం వచ్చేది 31 దగ్గర. ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే నిజమైన దూరం.

పాత పేర్లు కూడా రాసుకోండి. పాత కాగితాల్లో మచిలీపట్నం మసులిపటం, నిజాంపట్నం పెటపోలి, నెల్లూరు తీరంలోని దుగరాజపట్నం ఆర్మగాన్, విజయనగరం తీరంలోని చింతపల్లి శాంటపిల్లి. ఇప్పటి పేరుతో వెతికితే ఏమీ దొరక్క, చరిత్రే లేదనుకుని వదిలేసినవాళ్లున్నారు. కృష్ణా జిల్లాకి గార్డన్ మెకంజీ 1883లో రాసిన జిల్లా మాన్యువల్ ఉంది. స్కాన్ ప్రతి ఆన్‌లైన్‌లో ఉచితం. బందరు మీదున్న భాగం చదివి వెళ్తే అక్కడ కంటికి ఆనేది వేరేగా ఉంటుంది.

తేదీల దగ్గర మాత్రం జాగ్రత్త. ‘ఇక్కడ దీపం మొదలైన ఏడాది’, ‘ఇప్పుడున్న స్తంభం కట్టిన ఏడాది’ తరచూ వేర్వేరు. మన తీరంలో నది మొగ జరుగుతుంది, కెరటాలు ఒడ్డుని కోస్తాయి, తుపాను కట్టడాన్ని పడేస్తుంది. పాతది పోయి కొత్తది లేస్తుంది. గేటు దగ్గరో తలుపు పైనో ఉన్న శిలాఫలకం చదివి, అందులో ఉన్న తేదీ దేనిదో తేల్చుకున్నాకే రాసుకోండి.

ఎక్కడికి వెళ్లాలి

బెజవాడ వాళ్లకి మొదటి యాత్ర బందరే. 70 కిలోమీటర్లు, బస్సులో రెండు గంటలు. పొద్దున్నే వెళ్లి ఊళ్లో డచ్చివాళ్ల సమాధులు, బందరుకోట చూసుకుని, మధ్యాహ్నం మూడింటికల్లా 11 కిలోమీటర్ల దూరంలోని మంగినపూడి చేరాలి. ఈ వరస ఊరికే చెప్పడం లేదు. ఇంగ్లీషువాళ్ల గ్లోబ్ అనే ఓడ 1611లో ముందు పెటపోలికి, తర్వాత బందరుకి వచ్చింది. డచ్చివాళ్లు అప్పటికే ఉన్నారు. 1750లో ఫ్రెంచివాళ్ల చేతికి వెళ్లిన కోటని 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషువాళ్ల కల్నల్ ఫోర్డ్ పట్టుకున్నాడు. ఇంతమంది కొట్టుకున్న రేవులో పెద్ద ఓడ ఒడ్డుకి రాలేకపోయేది. మంగినపూడి దగ్గర నీళ్లలోకి నడిస్తే కారణం కాళ్లకే తెలుస్తుంది. నల్లమట్టి నేల, ఎంత దూరం పోయినా లోతు రాదు. ఓడలు బయట ఎక్కడో లంగరేసుకుని సరుకుని చిన్న పడవల్లో దించేవి. ఒడ్డు ఆనవాలే చిక్కని ఇలాంటి చోట రాత్రిపూట నిలకడగా వెలిగే దీపం ఒక్కటే ఆధారం.

1864 నవంబరు 1 రాత్రి బందరు మీద ఉప్పెన పడింది. దాదాపు 30 వేలమంది పోయారు. ఊరు మళ్లీ పాత స్థితికి రాలేదు. 1977 నవంబరు 19న దివిసీమకి వచ్చిన ఉప్పెన ఇప్పటి పెద్దవాళ్లు కళ్లారా చూసిందే. ఈ రెండు తేదీలూ మనసులో పెట్టుకుని స్తంభం మీంచి పడమటికి చూడండి. సముద్రానికీ ఊళ్లకీ మధ్య ఎత్తుగా అడ్డుపడేది ఏదీ కనబడదు. ఈ చూపు కోసమైనా పైకెక్కాలి.

గుంటూరు వాళ్లకి దగ్గర దారి చీరాల మీదుగా వాడరేవు. తెనాలి, బాపట్ల మీదుగా రైల్లో చీరాల దిగితే అక్కడి నుంచి ఆటోకి ఆరేడు కిలోమీటర్లు. పేరులోనే చరిత్ర ఉంది. వాడ అంటే ఓడ, వాడబలిజలు అన్న మాటలోని వాడే. అదే రోజు చినగంజాం వైపు మోటుపల్లి కూడా కలుపుకోండి. వీరభద్రాలయంలో రాతి స్తంభం మీద కాకతి గణపతిదేవుడి అభయశాసనం ఉంది, 1244-45 నాటిది. గాలివానకి దెబ్బతిని ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా అంతకుముందు రాజులు లాక్కునేవారని, తాను నిర్ణీత సుంకం తప్ప ఏమీ తీసుకోనని విదేశీ వర్తకులకి మాటిచ్చాడు. దీపస్తంభాలు రాకముందు ఈ తీరంలో ఓడ పగలడమంటే ఏమిటో ఇంత సూటిగా చెప్పే సాక్ష్యం మరొకటి లేదు. లైట్‌హౌస్ చరిత్రని మొదలుపెట్టాల్సింది ఆ రాతి స్తంభం దగ్గరే అని మా అభిప్రాయం.

అంతర్వేదికి పొద్దున బయల్దేరి, రాత్రికి నరసాపురంలో ఉండేలా పెట్టుకోండి. నరసాపురం దాకా రైలుంది, అక్కడ వశిష్ఠ దాటి సఖినేటిపల్లి రేవు దిగాలి. మాఘమాసంలో స్వామివారి కల్యాణం, భీష్మ ఏకాదశి రథం రోజుల్లో దేవుడి కోసం వెళ్లండి, లైట్‌హౌస్ కోసం వద్దు, కదలడానికి చోటుండదు. నాగాయలంక దిగువన మడ అడవుల వైపు వెళ్లాలంటే అభయారణ్యం కాబట్టి అటవీశాఖ అనుమతి, తెలిసిన పడవవాడు రెండూ కావాలి. మొదటిసారి వెళ్లేవాళ్లకి అది సరైన చోటు కాదు.

మెట్లెక్కలేని పెద్దవాళ్లుంటే చెన్నై మెరీనా లైట్‌హౌస్‌కి తీసుకెళ్లండి. 1977లో తెరిచిన ఆ మూడు మూలల స్తంభంలో లిఫ్ట్ ఉంది. సోమవారం సెలవు. బెజవాడలో పొద్దున్నే పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి దిగుతారు. అక్కడ ఇంకో అదృష్టం కూడా ఉంది. 1796లో కోటలో ఒక భవనం కప్పు మీద పెట్టిన మొదటి దీపం చోటు, 1844 నాటి రాతి స్తంభం, 1894లో దీపం మార్చిన హైకోర్టు గుమ్మటం, ఇప్పటి మెరీనా, ఇలా నాలుగు తరాలు ఒకే ఊళ్లో ఉన్నాయి. విశాఖకైతే బెజవాడ నుంచి రత్నాచల్, గుంటూరు నుంచి సింహాద్రి. డాల్ఫిన్స్ నోస్ నౌకాదళం ఉన్న కొండ. గుర్తింపు కార్డు లేకుండా వెళ్తే గేటు దగ్గర్నుంచే వెనక్కి పంపుతారు.

వేళ, సీజను

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మే నెలలో పైనున్న అద్దాల గది పొయ్యి మీద పెట్టిన గిన్నెలా కాగుతుంది. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. రేవులో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేసినా సరే ప్రయాణం మానుకోండి. మెరుపు కిరణాలు బాగా కనబడాలంటే అమావాస్యకి అటూఇటూ మూడు నాలుగు రోజుల్లో వెళ్లాలి, పున్నమి వెన్నెల్లో అవి వెలిసిపోతాయి. పైగా కార్తీక పున్నమి, మాఘ పున్నమి రోజుల్లో సముద్రస్నానాలకి వచ్చే జనంతో మంగినపూడి కిక్కిరిసి ఉంటుంది.

ఈ కట్టడాలు కేంద్ర ప్రభుత్వ లైట్‌హౌస్‌ల డైరెక్టరేట్ కింద పనిచేస్తున్నవి, ఊరికే ఉన్న స్మారకాలు కావు. సందర్శన వేళలు స్తంభాన్ని బట్టి మారతాయి, ఎక్కువచోట్ల మధ్యాహ్నం తర్వాతే. యంత్రాల పని పడితే ఆ పూటకి మూసేస్తారు. ముందురోజు కనుక్కోండి. ఆధార్ కార్డు, టికెట్టుకి చిల్లర, ఒక పాత నోటుపుస్తకం, చిన్న టేపు, ఒక మెత్తటి గుడ్డ వెంట ఉంచుకోండి. డ్రోన్ తీసుకెళ్లొద్దు. అక్కడున్న సిబ్బందిని వాచ్‌మన్ అని పిలవకండి. ‘అండీ’ అని పలకరించి, ఇదివరకు ఇక్కడ ఏ దీపం ఉండేది, కిరోసిన్ ఎప్పుడు మానేశారు అని అడిగితే తమంతట తామే చూపించేవాళ్లు ఎక్కువమంది.

మెట్లు, పైన ఏం చూడాలి

గుండ్రంగా తిరిగే మెట్లు లోపలివైపు సన్నగా, గోడవైపు వెడల్పుగా ఉంటాయి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ గోడవైపే నడవండి. హవాయి చెప్పులు వద్దు. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, ఎందుకంటే చివరి భాగం చాలాచోట్ల నిటారు ఇనప నిచ్చెన. చేతిలో సెల్‌ఫోన్‌తో దాన్ని ఎక్కబోయినవాళ్లే జారతారు. కింది మూడు మెట్ల ఎత్తు టేపుతో కొలిచి సగటు కట్టండి. 18 సెంటీమీటర్లు వచ్చి, మొత్తం మెట్లు 200 అయితే మీరు ఎక్కింది 36 మీటర్లు. పిల్లల్ని తీసుకెళ్తే ఈ లెక్క వాళ్లకే వదలండి.

ఎక్కేటప్పుడు మెట్ల నడుమ నిలువునా ఖాళీ గొట్టం ఉందేమో చూడండి. కరెంటు లేని రోజుల్లో దీపాన్ని తిప్పే యంత్రానికి గోడగడియారంలా బరువు వేలాడేది, ఆ బరువు దిగే దారి అలాంటిదే. బరువు కిందికి చేరాక కాపలాదారు మళ్లీ పైకి చుట్టాలి, రాత్రంతా.

దీపం గదిలో మీరు వెతకాల్సింది కటకం. అది ఒకే ముద్దగా ఉన్న అద్దం కాదు. మధ్యలో ఉబ్బెత్తు బిళ్ల, దాని చుట్టూ వలయాలు, పైనా కిందా మూడు మూలల పట్టకాలు, అన్నింటినీ ఇత్తడి చట్రంలో బిగించి ఉంటారు. ఫ్రాన్సుకి చెందిన ఫ్రెనెల్ కనిపెట్టిన ఈ పద్ధతి 1823లో కొర్దువాన్ లైట్‌హౌస్‌లో మొదటిసారి వెలిగింది. మందపాటి గాజు అంతా అక్కర్లేదు, వెలుగుని వంచేది దాని పైముఖమే అన్నది ఆయన పట్టుకున్న కీలకం. నాలుగు దిక్కులకీ చెదిరిపోయే వెలుగుని ఒక బల్లపరుపు కట్టగా సముద్రం వైపు పంపుతుంది. పాత గాజుని పక్కనుంచి చూస్తే కొంచెం ఆకుపచ్చ జీర కనబడుతుంది. అంచుల్లో చిన్న చిన్న పెంకులు లేచి ఉంటాయి. చట్రం మీద తయారీదారు బిళ్ల ఉందేమో చూడండి. బర్మింగ్‌హామ్ దగ్గరి చాన్స్ బ్రదర్స్, పారిస్‌లోని బార్బియే కంపెనీల పేర్లు ప్రపంచమంతటా కనబడతాయి.

కటకం తరగతిని తెలుసుకోవడానికి దీపం నుంచి గాజు దాకా ఉన్న దూరం చూడాలి. మొదటి తరగతికి 920 మిల్లీమీటర్లు, రెండుకి 700, మూడుకి 500, నాలుగుకి 250. ఒక మనిషి లోపల నిలబడగలిగితే అది మొదటిది. నాలుగోది నీళ్ల బిందె కంటే కొంచెం పెద్దగా ఉంటుంది. గాజుని ముట్టుకోకండి. వేలి జిడ్డు మీద ఉప్పు గాలి పట్టి మరక పడుతుంది, దాన్ని తుడిచినప్పుడల్లా గాజు గీసుకుపోతుంది. కటకం కింద తొట్టి ఉంటే దానికీ దూరంగా ఉండండి, పాత యంత్రాల్లో అంత బరువు సులువుగా తిరగడానికి పాదరసం మీద తేల్చేవారు. దాని ఆవిరి విషం.

పగటిపూట గది చుట్టూ తెరలు వేసి ఉంటే చీకటిగా ఉందని తీయమని అడగకండి. వెలుగుని బయటికి పంపే కటకమే ఎండని లోపలికి గుచ్చి ఒక చోట పోగేస్తుంది. దీపం మాడిపోవచ్చు, నిప్పు కూడా అంటుకోవచ్చు. కొత్త ఎల్‌ఈడీ దీపాలు పెట్టిన చోట ఇవేవీ ఉండవు, టిఫిన్ క్యారియర్ అంత పెట్టె ఒకటి మినుకుతుంటుంది. నిరుత్సాహపడకుండా పాత కటకం ఏమైందో అడగండి, కొన్నిచోట్ల దాన్ని కిందే ప్రదర్శనకి పెట్టారు.

బయటి వరండాలో గాలి తోసేస్తుంది. టోపీలు, కళ్లజోళ్లు, చున్నీలు ముందే సర్దుకోండి. ఫోన్ కెమెరా మీద పది నిమిషాల్లో ఉప్పు పొర పట్టి ఫొటోలు మసగ్గా వస్తాయి, మెత్తటి గుడ్డ అందుకే. తల పైకెత్తితే గుమ్మటం మీద లోహపు బంతి లాంటిది కనబడొచ్చు. నూనె దీపాల కాలంలో పొగ పోయే దారి అది. స్తంభం మీది నలుపు తెలుపు పట్టీలు అలంకారం కాదు, పగలు దూరం నుంచి గుర్తుపట్టడానికి.

దీపం వెలిగాక

కిందికి దిగి స్తంభం మొదట్లో నిలబడితే మెరుపు కనబడదు, కట్ట మీ తలమీంచి వెళ్లిపోతుంది. ఒడ్డు వెంట కనీసం అర కిలోమీటరు నడవండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ తీసి, ఒక గుంపులోని మొదటి మెరుపు దగ్గర నొక్కండి. నొక్కినప్పుడు ‘ఒకటి’ అనకండి, ‘సున్న’ అనండి. చాలామందికి లెక్క తప్పేది దీంతోనే. తర్వాతి గుంపులోని మొదటి మెరుపుకి ఒకటి, అలా పది దాకా లెక్కపెట్టి ఆపి, వచ్చిన సెకన్లని పదితో భాగించండి. 100 వస్తే పది సెకన్ల దీపం. రెండు మెరుపుల మధ్య చిన్న చీకటినీ, గుంపుల మధ్య పెద్ద చీకటినీ కలిపేసుకుంటే వేరే దీపం లెక్క వస్తుంది. ఓడ మీదైతే ఆ పొరపాటు వేరే రేవు అనుకునేదాకా పోతుంది.

జాబితాలో ఉన్న లెక్కా మీదీ కలవకపోతే మళ్లీ ఒకసారి చూడండి. అప్పటికీ కలవకపోతే మీ దగ్గరున్నది పాత జాబితా కావచ్చు, యంత్రం మార్చినప్పుడు లక్షణం కూడా మారుస్తుంటారు. ఏడాదితో సహా రెండూ రాసుకోండి.

వలలు సర్దుకునే పెద్దాయన ఎవరైనా ఒడ్డున ఉంటే, ‘తాతా, జీపీఎస్ రాకముందు రాత్రిపూట ఒడ్డు ఎలా పట్టేవారు?’ అని అడగండి. ఎన్ని బారల లోతులో ఏ నేల తగులుతుందో, లైటౌసుని ఏ చెట్టుకి సూటి పెట్టుకునేవారో చెబితే, చెప్పిన మాటల్లోనే రాసుకోండి. ఇవి ఏ జాబితాలోనూ ఎక్కవు.

ఇదంతా అయ్యేసరికి ఏడు దాటుతుంది, ఆ వేళకి ఒడ్డు నుంచి ఊళ్లోకి బస్సు దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోకండి. పగలు ఆటో మాట్లాడుకునేటప్పుడే ‘దీపం వెలిగాక గంటసేపు ఆగాలి’ అని చెప్పి, రానూపోనూ బేరం ఖాయం చేసుకోండి.